పందులకు కంచె కట్టే రాజలింగు, మా బెల్లం

కోటగిరి చుట్టుపక్కల చెరుకు, పసుపు వేసే రైతులను ఎవరిని అడిగినా రాజలింగు పేరు చెబుతారు. అడవిపందులు పడకుండా చేనుకు కంచె కట్టడంలో ఆయనది ముప్పై ఏళ్ల అనుభవం. చేను చుట్టూ పాత చీరలు కట్టి, డబ్బాలు మోగించి విసిగిపోయినవాళ్లు చివరికి ఆయన దగ్గరికే వస్తారు. నిజామాబాద్‌లో, అదీ ఒక అద్దె ఇంటి పెరట్లో, కుక్కపిల్ల కోసం కంచె కట్టమని ఆయన్ని పిలిచింది బహుశా నేనొక్కదాన్నే.

నాకు గత్యంతరం లేదు. మా పాప వేదకు రెండేళ్ల తొమ్మిది నెలలు. మొన్నటి వానాకాలం దాకా దానికి వచ్చినవి మూడు మాటలే. కొన్నాళ్లు ఆగి చూద్దామన్నాడు డాక్టర్. నేను ఆగే రకం కాదు. అది ఏ రోజు ఏ శబ్దం చేసిందో తేదీలతో సహా నోట్‌బుక్‌లో రాసుకున్నాను. అంతలో మా ఆడబిడ్డ కోటగిరి నుంచి బెల్లం రంగు కుక్కపిల్లను తెచ్చి ఇచ్చింది. పేరు కూడా బెల్లమే పెట్టాం. వారం తిరగకముందే వేద దానితో "బెల్లం దా, బెల్లం తిను" అంటూ మొదలుపెట్టింది. రెండు సంగతులు వెంటవెంట జరిగినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదని కాలేజీలో పిల్లలకు చెప్పేది నేనే. అయినా కుక్కను తీసేసి చూసే ప్రయోగానికి నాకు ధైర్యం చాలదు.

ఆ ప్రయోగం చేయించడానికి మా ఇంటి ఓనరు సత్తవ్వ సిద్ధంగా ఉంది. ఆమె మా పెరటి వెనకే, తన వాకిట్లో కూర్చుని బీడీలు చేస్తుంది. బెల్లం రెండుసార్లు ఆమె చాటలోంచి తునికాకు ఎత్తుకొచ్చింది.

"సూడు సవితా, ఇంకొక్కసారి గది నా ఆకుల మూతి పెట్టిందంటే కుక్కన్న పోవాలె, మీరన్న పోవాలె" అని తేల్చి చెప్పింది.

రాజలింగు ఆదివారం పొద్దున ముళ్లతీగ చుట్ట భుజాన వేసుకుని వచ్చాడు.

"అన్నా, ముళ్లతీగ వద్దు. పాప ఉంది" అన్నాను.

"పాప పంట తింటదా మేడం?"

"తినదు."

"మరింక భయమెందుకు?"

చివరికి ముళ్లు లేని ఇనుప జాలికి ఒప్పుకున్నాడు. దాని కన్నాల్లో వేద తల ఇరుక్కుంటుందేమోనని నేను టేపు తెచ్చి పాప తల కొలిచాను. ఆయన ఓపిగ్గా చూసి, "పందులు గిట్ల కొలువనిస్తే నా పని సగమయితుండె" అన్నాడు.

రెండు రోజుల్లో రాతి కడీలు పాతి జాలి బిగించాడు. కంచె బయట చుట్టూ కందకం తవ్వి, ఆ మట్టిని లోపలివైపు జాలికి ఆనించి కట్టగా పోశాడు. తర్వాత బయటికి వెళ్లి, మోకాళ్ల మీద వంగి, భుజంతో జాలిని కుమ్ముతూ చుట్టూ తిరిగాడు.

"ఏం చేస్తున్నవ్ రాజలింగూ?" అని అడిగింది సత్తవ్వ.

"పంది లెక్క ఆలోచన చేస్తున్న అవ్వా."

"దానికి వంగుడెందుకు? నిలవడ్డా నీకు వస్తది గద!"

మర్నాడు పొద్దున బెల్లాన్ని పెరట్లో వదిలాం. అది నింపాదిగా మట్టికట్ట ఎక్కి, పైన మిగిలిన జానెడు జాలిని ఒక్క ఎగురులో దాటి, సత్తవ్వ వాకిట్లో దిగింది. సత్తవ్వ చాటను గుండెకు హత్తుకుంది. కానీ బెల్లం ఆకు వైపు చూడనే లేదు. ఇంటికి వచ్చేద్దామని కందకంలోకి దిగి ఎగిరింది, జారింది, మళ్లీ ఎగిరింది, కుయ్యోమంది. ఇటు కట్ట మీద నిలబడి వేద ఏడుపు అందుకుంది.

"అమ్మా, బెల్లం అటు పోయింది!"

రెండు మాటలు దాటి పాప నోట వచ్చిన మొదటి వాక్యం. ముందు నోట్‌బుక్ కోసం పరుగెత్తాలో, పాప కోసం పరుగెత్తాలో తెలియక క్షణం అక్కడే గిరగిరా తిరిగాను.

"ఆకుల మూతి పెట్టలే గని, వాకిట్ల కాలు పెట్టింది" అంది సత్తవ్వ. "పొద్దుగూకే లోపల సక్కగ చేపియ్యి. లేకుంటే దాన్ని కోటగిరి బస్సెక్కియ్యి."

బెల్లాన్ని ఎత్తి ఇటు తెచ్చుకుని ఫోన్ చేస్తే రాజలింగు రెండు గంటల్లో వచ్చాడు. జరిగింది విని ఆయన మొహం వెలిగిపోయింది.

"సూసిండ్రా మేడం, ఎంత తండ్లాడినా లోపటికి రాలేకపోయింది!"

"అన్నా, అది లోపలే ఉండాలి."

ఆయన కంచెను చాలాసేపు చూశాడు. "ముప్పై ఏండ్లల్ల నన్ను గిట్ల ఎవ్వలు అడగలే" అన్నాడు. తప్పు ఆయన ఒక్కడిదే అనలేను. కన్నాలు కొలిచినదాన్ని, కట్ట మీద నిలబడితే జాలి ఎంత ఎత్తు మిగులుతుందో కొలవలేదు.

మట్టంతా లోపలి నుంచి తీసి కందకం పూడ్చాడు. ఇక పరీక్ష మిగిలింది. "కుక్క లెక్క ఆలోచన చేసుడు నాకు రాదు" అంటూనే బెల్లం వెనక మోకాళ్ల మీద బయలుదేరాడు. ఆయన వెనక వేద కూడా పాకింది. మట్టిలో పాకితే నులిపురుగులు వస్తాయని నోటిదాకా వచ్చింది గానీ అనలేదు. అవతల సత్తవ్వ బీడీ చుట్టడం ఆపేసి చూస్తోంది.

బెల్లం మూడుచోట్ల ఎగిరింది. మూడుసార్లూ జాలికి తగిలి కింద పడింది. ఆ తర్వాత జాలికి మూతి ఆనించి, చాటలోని ఆకు వంక చూస్తూ పడుకుంది.

"ఉండనియ్యి" అంది సత్తవ్వ.

నేను ఊపిరి పీల్చుకున్నాను. రాజలింగు మాత్రం సంబరపడలేదు. బెల్లం ఎదుట గొంతుక్కూర్చుని దాని మొహం చూస్తూ ఉండిపోయాడు.

"పందులు అవుతలి నుంచి అవుతల్నే మర్లిపోతుండె మేడం. వాటి మొకం నేనెన్నడు సూడలే."

కాసేపు దాని తల నిమిరి, గొంతు తగ్గించి చెప్పాడు: "నా మీద కోపం పెట్టుకోకు బిడ్డా. నేనైతే ఇడుస్తుంటి. అవుతల సత్తవ్వ ఉన్నది."

"ఇంటున్న రాజలింగూ, ఇంటున్న!" అంది సత్తవ్వ.