కౌంటర్ మీద విమానం

కొత్తగూడలో మాది స్టీలు సామాన్ల దుకాణం. మా అమ్మాయి విమానంలో ఎయిర్ హోస్టెస్. తను డ్యూటీకెక్కిన రోజు నా ఫోన్ కౌంటర్ మీదే ఉంటుంది. ఫ్లైట్ నంబరు కొడితే విమానం ఎక్కడుందో చూపిస్తుంది. గిన్నెలు తూకం వేస్తూనే ఒక కన్ను ఆ పసుపుపచ్చ విమానం బొమ్మ మీద పెడతాను.

ఆ మధ్యాహ్నం శంషాబాద్‌లో లేచిన బొమ్మ కాసేపటికే వెనక్కి తిరిగింది. దిగలేదు. గుండ్రంగా చక్కర్లు కొట్టడం మొదలుపెట్టింది. అమ్మాయికి ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్. గాల్లో ఉన్న పిల్ల ఎలా ఎత్తుతుందన్న తెలివి కూడా లేకుండా మళ్లీ మళ్లీ చేశాను. కంపెనీ నంబరుకు చేస్తే పాట వచ్చింది. బేరమాడాలన్నా ఎదుట ఒక మనిషుండాలి కదా.

అప్పుడే పక్క అపార్ట్‌మెంట్‌లో కొత్తగా దిగిన సాఫ్ట్‌వేర్ అమ్మాయి వచ్చి కుక్కర్ ఎత్తి పట్టుకుంది. "సగానికిస్తారా అండి?"

"తీస్కపోమ్మా."

ఆమె కుక్కర్‌ను తిరగేసి చూసింది. మూత తీసి లోపల వేలు పెట్టింది. "ఇదేమన్నా పాడైందా అండి?"

"మంచిదేనమ్మా, తీస్కపో."

నమ్మలేదు. అక్కడే పెట్టి వెళ్లిపోయింది. ఆమె జాగాలో నేనున్నా అదే చేద్దును. బుద్ధెరిగాక బేరం లేకుండా సరుకు వదలడం అదే మొదలు. అదీ అమ్ముడుపోలేదు.

చివరికి బొమ్మ నేల మీద ఆగింది. చాలాసేపటికి ఫోనొచ్చింది.

"నాన్నా, ఒక ఇంజన్ గడబిడ చేసింది. కెప్టెన్ దాన్ని బంద్ చేసి రెండోదాని మీద దింపిండు. ఏం కాలే."

"నువ్వేం చేసినవ్ బిడ్డా?"

"ఏం చేస్త? చాయ్ కప్పులు తీసిన, బెల్టులు చూసిన, నవ్వుకుంట తిరిగిన. అందరు మా మొఖాలే చూస్తరు నాన్నా. మేం భయపడ్డట్టు కనబడితే ఇగ అయిపాయె."

మొహంలో అసలు ధర కనిపించనివ్వకుండా నిలబడడం గల్లా పక్కన కూర్చోబెట్టి నేనే నేర్పాను. అందుకే ఆ 'ఏం కాలే'లో ఎంత నిజముందో నాకే అంతుపట్టలేదు.

"నౌకరీ బంద్ జెయ్," అన్నాను. నవ్వింది.

"పోనీ, నెల సెలవు పెట్టు."

"నాన్నా!"

"వారం."

"ఎల్లుండి డ్యూటీ ఉంది."

"ఆ ఒక్కనాడు ఆగు. జర నా మాట విను."

"ఇది దుకాణం గాదు నాన్నా, తగ్గించుకుంట పోనీకి."

నా చేతిలో ఇంకేం మిగల్లేదు. దిగంగనే ఒక మెసేజ్ పెడితే చాలన్నాను.

"యాదికుంటే పెడ్త," అంది.

దానికే ఒప్పుకున్నాను.