బొటనవేలి గోరు

ఫారిన్ కీబోర్డులు బజారులోకి దిగిన కొత్తలో, గుడియాత్తంలో ఓ మేస్త్రీ క్యాసెట్ల కంపెనీ పెట్టినాడు. గొంతులేవీ ఉండవు, అంతా కీబోర్డు, డ్రమ్ మిషను. వాయించేది నేను. పాటలన్నీ రికార్డవగానే క్యాసెట్ వెనకున్న ప్లాస్టిక్ ముక్కను ఆయన బొటనవేలి గోటితో విరిచేసేవాడు. ఆ ముక్క లేకపోతే దానిమీద మళ్లీ రికార్డు చేయలేం.

"ఏమప్పా, అంత తొందర?" అనేవాణ్ని.

"గోడ లేసినాక నీళ్లు కొట్టేదానికి రేపనకూడదు నాయనా."

మా మొదటి ఆల్బం ఉన్న ఒకే ఒక్క క్యాసెట్‌ను కాపీలకని వేలూరు తీసుకెళ్లాను. అక్కడ పరధ్యానంలో, ప్లే అనుకుని రికార్డు బటన్ నొక్కాను. బటన్ దిగలేదు. క్యాసెట్ బయటికి తీసి, వెనక ముక్క విరిచిన సందును తడిమి చూసుకున్నాను.

తిరిగొచ్చి మేస్త్రీకి చెబితే కోప్పడలేదు.

"సిమెంటు తినేసిన చేతిలో ఈ గోరొకటి మిగిలిండాది," అని ఇంకో క్యాసెట్ అందుకున్నాడు.