జ్వరం వచ్చిన ఆంప్లిఫయర్

మా ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఇంటికొచ్చాక ఆంప్లిఫయర్ల పిచ్చి. వంటింటి పక్కన ఆయన బల్ల ఉంది, దాని దరిదాపులకి చీపురు రానివ్వరు. ఓసారి నా అల్యూమినియం పళ్ళెం కనబడకుండా పోయింది. చూస్తే ముక్కలై, ఓ పెట్టె వెనక రెక్కల్లా బిగించి ఉంది. ఇదేం పని అని నిలదీశాను.

"వేడి లాగేయాలి కదే, లేకపోతే లోపల కాలిపోతుంది" అన్నారు.

నా ఒళ్ళు మండినప్పుడు మాత్రం ఏ రెక్కలూ బిగించరు మహానుభావుడు!

ఆయనకో అలవాటుంది. పెట్టె కాసేపు మోగాక రెక్కల మీద చెయ్యి ఆనించి చూస్తారు. చురుక్కుమంటే "జ్వరం వచ్చింది" అంటారు. చెయ్యి ఉంచగలిగితే "జ్వరం దిగింది" అంటారు. ఇది విని పక్కింటివాళ్ళు ఆయన్ని డాక్టరుగారూ అని పిలవడం మొదలుపెట్టారు.

మా అత్తగారికి మధ్యాహ్నం రేడియోలో నాటకం వినకపోతే పొద్దుపోదు. రాత్రి అన్నాల దగ్గర ఆ కథంతా మాకు చెప్పాలి, విలన్‌ని తిట్టాలి. ఈ మధ్య వినికిడి తగ్గింది. చెవి మిషన్ కొనిస్తే చెవిలో పురుగు దూరినట్టుందని తీసి పారేసింది. కథలు ఆగిపోయాయి. అందుకని మా ఆయన ఆవిడ రేడియోకి ప్రత్యేకంగా ఒక ఆంప్లిఫయర్ చేశారు. చల్లబరచడానికి ఫ్యాన్ పెట్టలేదు. దాని గుయ్‌మనే రొదలో అమ్మకి మాటలు వినిపించవన్నారు. పెద్ద పెద్ద రెక్కలే నిలువుగా బిగించారు.

మొదటి రోజు కథ అదిరిపోయింది. విలన్‌కి శాపనార్థాలు కూడా పడ్డాయి. మా ఆయన మురిసిపోయి, పెట్టె మీద చెయ్యి వేసి, "కాస్త జ్వరం ఉంది, అంతే" అన్నారు.

తర్వాతి రోజుల్లో కథలు మళ్ళీ ఆగిపోయాయి. ఎలా ఉందమ్మా అంటే బ్రహ్మాండం అనేది. ఆయన సాయంత్రం వచ్చి చెయ్యి పెడితే పెట్టె కాలిపోతుండేది. "జ్వరం తగ్గట్లేదేంటి?" అని తల పట్టుకుని, ఇంకో రెక్క తగిలించేవారు. మర్నాడు ఇంకా వేడి. ఈ చేతులతో చేసింది అమ్మకే పనికిరాలేదని ఆయన సరిగ్గా అన్నం కూడా తినలేదు. చూడలేకపోయాను.

ఒకరోజు నేను పనిచేసే మందుల షాపు మధ్యాహ్నమే మూసేశారు. ఇంటికొచ్చేసరికి అత్తగారు రేడియో ముందు చెవి వెనక చెయ్యి పెట్టుకుని కూర్చుంది. రేడియోలో లైటు వెలుగుతోంది, చప్పుడు లేదు. ఆవిడ కళ్ళ నిండా నీళ్ళు.

"అత్తయ్యా, ఏమైంది?" అని అరిచాను.

"నా చెవులు పూర్తిగా పోయాయమ్మాయ్. కాసేపు వినిపిస్తుంది, తర్వాత ఏమీ ఉండదు. ఎంత పెంచినా లాభం లేదు. వాడికి మాత్రం చెప్పకు. పాపం, ఇంత కష్టపడి చేశాడు."

"మరి నా మాట వినిపిస్తోందిగా?"

"నీ గొంతు సంగతి వేరు. గోడలకి కూడా వినిపిస్తుంది."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అప్పుడు కనిపించింది, ఆంప్లిఫయర్ మీద నాలుగు మడతలు వేసి కప్పిన ఊలు శాలువా. ఇదేంటని అడిగితే ఆవిడ తల దించుకుంది.

"అది యంత్రమని నాకు తెలీదనుకున్నావా? రోజూ వాడొచ్చి జ్వరం జ్వరం అంటుంటే చేతులు ఊరుకోలేదు. చిన్నప్పుడు వాడికి జ్వరమొస్తే ఈ శాలువానే కప్పేదాన్ని. చెమట పట్టి తగ్గిపోయేది. వాడు చూస్తే నవ్వుతాడని, వచ్చేలోపు తీసేస్తున్నా."

ఫోన్ చేస్తే ఆయన పరుగున వచ్చారు. నేను చెప్పిందంతా విని పకపకా నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. శాలువా తీసి తల్లి ఒళ్ళో పెట్టి, పక్కనే నేల మీద కూర్చున్నారు.

"అమ్మా, నీ చెవులకేం కాలేదు. వేడి ఎక్కువైతే ఈ పెట్టె దానంతటదే నోరు మూసుకుంటుంది, చల్లారితే మళ్ళీ మాట్లాడుతుంది. కాలిపోకుండా నేనే అలా పెట్టాను. నీకు చెప్పడం మర్చిపోయాను."

"నిజంగా? ఒట్టు?"

"ఒట్టమ్మా."

కిటికీ తెరిచి ముగ్గురం ఆ పెట్టెనే చూస్తూ కూర్చున్నాం. ఆయన మాటిమాటికీ రెక్కల మీద చెయ్యి పెట్టారు గానీ, జ్వరం మాట ఎత్తలేదు. ఉన్నట్టుండి లోపల టక్‌మంది. వినిపించడం లేదని ఆవిడ సౌండు మీట చివరిదాకా తిప్పేసి ఉంచింది కదా, విలన్ నవ్వు ఇల్లు అదిరేలా మోగింది.

అత్తగారు రెండు చెవులూ మూసుకుని కుర్చీలోంచి లేచింది.

"తగ్గించరా నాయనా, నా చెవులు పోతాయి!"