తీగ మీద ఎర్రదుమ్ము

న్యూకాజిల్‌లో ఉక్కు ఫ్యాక్టరీకి ఎదురుగా ఉండే బాలమురళి, బట్టలు ఆరేసే ముందు తీగను తడిగుడ్డతో తుడుస్తాడు. ఫర్నేస్‌లో ఇనుప ఖనిజం, కోక్ బొగ్గు, సున్నపురాయి పొరలు పొరలుగా పోయించడం ఆయన పని. కోక్ మంటకు ఖనిజంలోంచి ఇనుము కరిగి అడుక్కి దిగేది, సున్నపురాయి మలినాలను పట్టుకుని చిట్టెమై పైకి తేలేది, ఎర్రదుమ్ము ఎగిరొచ్చి ఈ తీగ మీద వాలేది. గుడ్డ ఎర్రబడిందంటే ఫర్నేస్ బతికున్నట్టే. తొంభై తొమ్మిదిలో ఫ్యాక్టరీ మూసేశారు.

“ఏవండీ, బ్లాక్‌టౌన్‌లో మా తమ్ముడు వైటూకే కంప్యూటర్ జాబ్ చూస్తానన్నాడు, ఒక్కసారి ఫోన్ చెయ్యకూడదూ?” అంది భార్య సింధుజ. ఆయన తీగ తుడిచి, గుడ్డ విప్పి చూశాడు.

“ఇట్స్ క్లీన్, డాడ్,” అంది కూతురు.

ఆయన గుడ్డను తిరగేసి, ఈసారి ఇంకా గట్టిగా రుద్దాడు.