ఎదురు షాపు గుండ్లు

క్యాన్సర్ మందులను ఎలాగో తట్టుకుంటున్నాడు గానీ, ఇంటిల్లిపాది ప్రేమను తట్టుకోవడం సెలూన్ నడిపే పెద్దాయన తరం కావడం లేదు. జుట్టు రాలిపోగానే అద్దానికి దుప్పటి కప్పేశారు. గ్లాసు ఎత్తబోతే చేతిలోంచి లాక్కుంటారు. ఇన్నేళ్లు కత్తెర ఆడించిన వేళ్లను ఆయన మంచం మీద కూర్చుని ఉత్తగాలిలో ఆడించుకుంటాడు. నిన్న కొడుకూ అల్లుడూ ఆయనకు తోడుగా గుండ్లు కొట్టించుకొచ్చి వరసగా నిలబడ్డారు. ఆయన్ని శ్రమపెట్టడం దేనికని, ఆయన షాపుకి ఎదురుగా ఉన్న సెలూన్లో. ఇప్పుడాయన కన్నీళ్లు పెట్టుకుంటాడని అందరూ కాచుక్కూర్చున్నారు. ఆయన కొడుకు తలను వెలుతురుకి తిప్పాడు. “ఎవడు గీశాడ్రా దీన్ని? చెవి వెనకంతా వదిలేశాడు.”

“నువ్వు లేవకు నాన్నా, నీరసం.”

“నోర్మూసుకుని కూర్చో. అల్లుడుగారూ, తర్వాత మీరు.”

పెట్టెలోంచి కత్తి తీసి, అద్దం మీది దుప్పటి లాగి, కొడుకు మెడకు చుట్టాడు.