దీవెనకు ముందే

"నా బిడ్డ మధ్యాహ్నం పడుకుని మళ్ళీ లేవకపోతే ఎలాగక్కా?"

బూబూరా అక్క పొగగొట్టం పగుల్లో వేలు పెట్టి చూపించింది. వేలు మొత్తం దూరింది.

నారిన్ పట్నం దగ్గరి మా కొండ ఊళ్ళో, పిల్లల బడిలో పంతొమ్మిదేళ్ళుగా బొగ్గు పొయ్యి రాజేసేది ఆమే. నేను పెద్ద బడిలో రసాయనశాస్త్రం చెబుతాను. నా మూడేళ్ళ సెజిమ్ ఆ గదిలోనే నిద్రపోతుంది. ఆ పగుల్లోంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు. కొలిచి చూశాను కాబట్టే నాకు తెలిసింది.

గొట్టం బాగుచేయనిది ఇటుకలు లేక కాదు. గుర్రాల ఆట చూసే పెద్దమనుషులకు అరుగులు కట్టాలని గ్రామాధికారి జాన్‌తోరో వాటిని మైదానంలో పేర్చి పెట్టుకున్నాడు!

సెప్టెంబరులో ఊరి సమావేశంలో మాట్లాడాను. పదిహేడు పేజీలు. ఎలా కొలిచానో చెప్పడంతో మొదలుపెట్టాను. గదిలో విషం ఎంతుందో చెప్పే అసలు అంకె పదిహేనో పేజీలో ఉంది. అప్పటికే అందరూ మాంసం తిన్నారు, ఆవులు ఇళ్ళకు మళ్ళే వేళయింది. తొమ్మిదో పేజీ తిప్పుతుండగా జాన్‌తోరో, "అబ్దిబాయ్ తాతా, ఇక దీవించండి" అని ఊళ్ళోకెల్లా పెద్దాయన్ని అడిగాడు. తాత అరచేతులు తెరిచాడు. అందరూ ముఖాలు తడుముకుని "ఆమీన్" అన్నారు. దీవెనతో సభ ముగిసినట్టే, ఆ తర్వాత మాలో ఎవరూ నోరెత్తరు.

బయట నేను జాన్‌తోరోను తిడుతుంటే అక్క నా మీదే విరుచుకుపడింది. "వాణ్ణి తర్వాత తిడుదువుగాని! పిల్లలు చస్తారని చెప్పడానికి పదిహేడు కాగితాలా? నీ పొయ్యి రాజుకునేసరికి చలికాలం వెళ్ళిపోతుంది."

తర్వాతి సమావేశానికి వారం ముందు నుంచీ ఆమె బొగ్గు వేస్తూ, ఈసారి తాను చెప్పబోయే మాటలు వల్లె వేసుకునేది. నేను గడియారం పట్టుకునేదాన్ని.

"ఎంతయింది?"

"మూడు నిమిషాలు."

"ఎక్కువే."

ముందురోజు వేడి రొట్టె పట్టుకుని అబ్దిబాయ్ తాత ఇంటికి వెళ్ళొచ్చింది.

సమావేశంలో మొదటి టీ పోశారు. మాంసం ఇంకా కాగులోనే ఉంది. అక్క లేచింది.

"పోయిన ఫిబ్రవరిలో నలుగురు పిల్లల్ని మంచులోకి ఈడ్చుకొచ్చాను. వాంతులు చేసుకున్నారు. తిండి పడలేదన్నారు, నేనూ నమ్మాను. అది తిండి కాదు, పొయ్యి. అందులో ఒకడు నీ మనవడు, జాన్‌తోరో. ఒకతి తాత మునిమనవరాలు. మీరు కూర్చోవడానికి ఇటుకలున్నాయి, వాళ్ళు ఊపిరి పీల్చడానికి లేవా? ఆ ఇటుకలు బడికి చేర్చడానికి రేపు పొద్దున బండి ఎవరు తోలతారు?"

రెండు చేతులు లేచాయి. "ముందు కమిటీలో..." అని జాన్‌తోరో మొదలుపెట్టేలోగా తాత అరచేతులు తెరిచాడు. "గొట్టం నిలవాలి, పిల్లలు లేవాలి. ఆమీన్." మిగతా మాట మింగేసి జాన్‌తోరో కూడా ముఖం తడుముకున్నాడు.

నా కోపం చల్లారలేదు. పిల్లల ఊపిరికి ఇంత ఉపాయం కావాలా అని అక్కనే అడిగాను. ఆమె బూడిద ఊడుస్తూ చెప్పిన మాట పట్టుకునే ఇప్పుడు ఏ సమావేశానికైనా ముందురోజే రొట్టె కాలుస్తున్నాను.

"కోపం అందరికీ వస్తుంది చెల్లీ. సభ ముగించేదెవరో కనుక్కుని, ముందురోజే ఆ గుమ్మం తొక్కు. నోరు ఆ తర్వాత తెరువు."