చిన్నతాతయ్య సన్నికల్లు మీది రాతిపువ్వు

నా చిన్నప్పుడు రాయి కనిపిస్తే నాకు రెండే పనులు తెలుసు. ఒకటి తన్నడం, రెండోది తోమడం. తన్నడం అన్నయ్యల దగ్గర నేర్చుకున్నాను, తోమడం అమ్మ దగ్గర. రాయితో చెయ్యదగ్గ పని ఇంకొకటి ఉందని చూపించింది మా చిన్నతాతయ్య. ఆ రోజు తలుచుకుంటే ఈ వయసులో కూడా నా కాళ్ళు ఒకచోట నిలవవు.

మాది వంశధార ఒడ్డున, శ్రీముఖలింగం వెళ్ళే దారిలో ఒక ఊరు. చర్చి చుట్టూ మావాళ్ళ ఇళ్ళుండేవి. మా తాతయ్యకు తమ్ముడైన చిన్నతాతయ్య మా వెనకింట్లో ఒక్కడే ఉండేవాడు. మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేసి మానుకున్న మనిషి. ఆయనకొక పిచ్చి ఉండేది. రాళ్ళ మీదా, పెంకుల మీదా, చెట్ల బెరడు మీదా బూడిదరంగు మచ్చల్లా పట్టుకుని ఉండే రాతిపువ్వును ఇంట్లో పెంచేవాడు. మసాలాలో వేసుకునే రాతిపువ్వు ఉంటుందే, దానికి చుట్టాలన్నమాట. ఊళ్ళో అందరూ బంతీ చామంతీ పెంచుకుంటుంటే ఈయన అరుగు మీద రాళ్ళు వరసగా పేర్చి, కుండలో పట్టి ఉంచిన వాననీళ్ళు పన్నీరు బుడ్డిలో పోసి, పెళ్ళివారి మీద చల్లినట్టు పొద్దున్నే వాటి మీద చల్లేవాడు. బావినీళ్ళలో ఉప్పు ఉంటుందని వాటికి తగలనిచ్చేవాడు కాదు. "ముసలోడు రాళ్ళకి పెళ్ళి సేస్తన్నాడ్రా" అని పేటంతా నవ్వేది. అందరికంటే గట్టిగా నేను నవ్వేదాన్ని.

క్రిస్మస్ వస్తోందంటే మా పేటలో ప్రతి ఇంటికీ సున్నం కొట్టాల్సిందే. ఆ వారమంతా కడగడం, తోమడం, గీకడం తప్ప ఇంకో మాట వినిపించేది కాదు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. అమ్మ ఇత్తడి బిందెలు తోమమంది. గంటలో మెరిపించేశాను. చేతిలో కొబ్బరిపీచు ఉంది, పక్కన ఇటుకపొడి ఇంకా మిగిలింది, నాకేమో ఊపు తగ్గలేదు. చుట్టూ చూద్దును కదా, చిన్నతాతయ్య బావి పక్కన గోడకు చేరేసి ఒక సన్నికల్లు కనిపించింది. చనిపోయిన మా చిన్ననానమ్మది. మూల విరిగిందని ఆవిడ ఉండగానే పక్కన పెట్టేసిన రాయి. దాని మధ్యలో నా అరచెయ్యంత బూడిదరంగు పెచ్చు, రాయికి రంగు వేసినట్టు అతుక్కుపోయి ఉంది.

అరుగు మీది రాళ్ళ జోలికి పోకూడదని నాకు తెలుసు. ఇది అరుగు మీద లేదుగా! పండక్కి కోడికూర మసాలా దీని మీదే నూరితే చిన్నతాతయ్య ఎంత మురిసిపోతాడో అనుకున్నాను. ఇక చూడండి నా తోముడు. పీచుతో తోమాను, పెంకుముక్కతో గీకాను, గోళ్ళతో కూడా రక్కాను. అది ఊడకపోయే కొద్దీ నాకు పట్టుదల పెరిగింది. పన్నెండు దాటేసరికి సన్నికల్లు నల్లగా నిగనిగలాడిపోయింది. ఆయన చర్చి మీద నక్షత్రం కట్టించి ఎప్పుడొస్తాడా అని గుమ్మంలోనే కాచుకుని, రాగానే చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాను.

"ఎవులు తోమినారే?" అన్నాడు.

"నానే!" అన్నాను గొప్పగా.

ఆయన బావిగట్టు మీద కూలబడిపోయాడు. తర్వాత లేచి లోపల్నించి ఒక రేకు డబ్బా తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. అందులో, కిందిది పైకి కనబడేలా నూనె రాసి ఆరబెట్టిన పల్చటి కాగితాలు. ప్రతి క్రిస్మస్ నాడూ ఆరాధన నుంచి రాగానే ఆ పెచ్చు మీద కాగితం పరిచి, దాని అంచు వెంట పెన్సిలుతో గీత గీసేవాడట. ఏడాదికొక కాగితం. అడుగున ఉన్నదాని మీద కందిగింజంత సున్నా ఉంది. దాన్ని గీసింది చిన్ననానమ్మ. పక్కన పడేసిన రాయి మీద మచ్చ పుట్టడం మొదట చూసింది ఆవిడేనట. వాళ్ళిద్దరి ముప్పై చిల్లర క్రిస్మస్‌లను నేను ఒక్క పూటలో, పీచు పెట్టి తోమి పారేశాను. నేను బావురుమన్నాను.

"ఏడుపు తరవాత ఏడుద్దువు గాని, ముందెల్లి బుడ్డి తే" అన్నాడాయన.

పరుగున తెచ్చాను. ఆయన భూతద్దం పట్టుకుని రాయి మీద అంగుళం అంగుళం వెతుకుతున్నాడు. నేను వెనకనుంచి వాననీళ్ళు చుక్క చుక్క చల్లుతున్నాను. మసాలా బాగా నలగాలని సన్నికల్లుకు ఉలితో గంట్లు పెడతారు కదా, పెచ్చు ఉండిన చోటే అలాంటి ఒక గంటులో బూడిదరంగు నలుసొకటి కనిపించింది. మట్టేమో అనుకున్నాను. దాని మీద నీళ్ళు పడ్డాయి. ఇద్దరం తలలు ఆనించి ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. ఎండిన బూడిదరంగు మెల్లగా నానింది, ఆ నానడంలోనే లోపల్నించి పచ్చదనం పైకి తేలింది. నా కళ్ళ ముందే! అంతవరకూ ఏ రాయీ నా ఎదుట రంగు మారలేదు.

"సూడే, సూడు! బతికే ఉన్నాది!" అని ఆయన అరిచిన అరుపుకు, గోడకు సున్నం కొడుతున్న మా అమ్మ కుంచె వదిలేసి పరిగెత్తుకొచ్చింది. డెబ్బై ఏళ్ళ మనిషి, తొమ్మిదేళ్ళ పిల్ల బావి చుట్టూ గంతులేస్తుంటే ఆవిడ బుగ్గలు నొక్కుకుంది.

గంతులు అయ్యాక చెప్పాడు, అది ఒక్క ప్రాణి కాదని. పుట్టగొడుగు జాతిదొకటీ నాచు జాతిదొకటీ కలిసి కాపురముంటాయట. "ఒకలు ఇల్లు కట్టి నీల్లు దాస్తారు, ఇంకొకలు ఎండలో వంట సేస్తారు. తడి తగిల్తే పొయ్యెలిగించినట్టే" అన్నాడు. నేను భూతద్దం తీసుకుని ఆ పొయ్యి కోసం తెగ వెతికాను.

నన్ను తిడతాడేమో అని ఎదురుచూస్తున్నాను. ఆయన ఇంకో కాగితానికి నూనె రాసి, ఆరనిచ్చి, ఆ నలుసు మీద పరిచి పెన్సిలు నా చేతికిచ్చాడు. నలుసు చుట్టూ ఒక సున్నా గీశాను. దాని కింద నా పేరు రాయించి, "డబ్బాలోవి మావి. ఇక్కన్నించి నీవి" అన్నాడు.

మర్నాటి నుంచి నేను నిద్ర లేవడం, బావి దగ్గరికి పరిగెత్తడం. పెరిగిందా? లేదు. పెరిగిందా? లేదు. తొందరగా పెరగాలని ఎవరూ చూడకుండా పరీక్షగా ముందు పక్కరాయికి మజ్జిగ పూస్తే చీమలు పట్టాయి. ఏడాది తిరిగాక కాగితం పరిచి చూస్తే ఆయన పెరిగిందంటాడు, నేనేమో అది పెన్సిలు గీత మందమేనంటాను. భూతద్దం లాక్కుని మరీ పోట్లాడుకున్నాం. మూడో ఏడు నేనే ఒప్పుకున్నాను, ఒప్పుకుంటూ ఈల వేశాను.

పెళ్ళయి విజయనగరం వచ్చినప్పుడు నా సామానుతో పాటు ఆ సన్నికల్లు కూడా వచ్చింది. మా అత్తగారు రెండుసార్లు పీచు పట్టుకుని దాని మీదికి వెళ్ళబోతే అడ్డం నిలబడ్డాను. ఇప్పుడది మేడ మీద, పొద్దుటెండ మాత్రం తగిలే గోడ పక్కన ఉంది. చిన్నతాతయ్య పోయి ఎన్నో ఏళ్ళయింది. కాగితాలు గీయడం నేనింతవరకూ మానలేదు.

మొన్న క్రిస్మస్‌కు, చర్చి నుంచి రాగానే, డబ్బాలో ఆయన గీసిన చివరి కాగితం తీసి పెచ్చు మీద పరిచాను. నా మనవరాలు ఫోన్ లైటు పట్టుకుంది. ఫోనులో చూసి దీన్ని లైకెన్ అంటారని నాకు పాఠం చెప్పే పిల్ల అది. ఒక్కసారిగా, "అమ్మమ్మా, గీత దాటీసింది!" అని కేక పెట్టింది. వంగి చూశాను. నిజమే. ఆయన పెన్సిలు గీత చుట్టూతా, అన్ని వైపులా, వెంట్రుకంత పచ్చ అంచు బయటికొచ్చి ఉంది. నేను తోమి పారేసిందంతా తిరిగొచ్చి, ఇంకాస్త ముందుకెళ్ళింది. కళ్ళనీళ్ళు కారుతుండగానే మెట్లు దిగి, వీధిలో కనిపించిన ప్రతివాళ్ళకూ చెప్పుకున్నాను. రాయికి ఇంత సంబరమేమిటని వాళ్ళు నవ్వారు. నవ్వనీ, ఒకప్పుడు అందరికంటే గట్టిగా నవ్విందాన్ని నేనే.

ఈసారి కొత్త కాగితం మీద గీత మనవరాలి చేతే గీయించాను, దాని కింద దాని పేరు రాయించాను. ఇంట్లో పాతదేదైనా, మురికిదేదైనా తోమబోతే నా చెయ్యి మాత్రం ఇప్పటికీ ఆగుతుంది. ముందు నాలుగు చుక్కలు నీళ్ళు చల్లి, రంగు మారుతుందేమోనని కాసేపు చూస్తాను.